డీజిలు ఖర్చును గూర్చి ఒక మాట

పొలము పనికిని, సంతకును, ఆసుపత్రికిని ఒకే బండి చాలవలెనను తలంపుతో ఎత్తైన డీజిలు జీపు బండ్లను, అనగా ఇప్పుడు ఎస్‌యూవీ అని వ్యవహరింపబడు తరగతి బండ్లను, కొనిన రైతులు మనలో అనేకులు కలరు. పెక్కుమంది అప్పుపై కొనియున్నారు. రెండు మూడేండ్లు గడచునప్పటికి అందరి నోటను వినవచ్చు మాట యొక్కటే: బండి డీజిలు త్రాగుచున్నది. అటుపిమ్మట రెండు పనులు జరుగుచుండుటను మేము చూచుచున్నాము. మొదటిది, మెకానిక్కు చెప్పిన సామానెల్ల మార్పించుట. రెండవది, డ్రైవరు డీజిలు దొంగిలించుచున్నాడని అనుమానించి పనినుండి తొలగించుట. మొదటిదానివలన రూకలు పోవును. రెండవదానివలన ఒక కుటుంబము కూటికి దూరమగును. ఈ రెంటికిని ముందు చేయవలసిన పని వేరొకటి కలదని మా యభిప్రాయము.

అది కొలత. కాటా వేయక ధాన్యమమ్మని రైతు, డీజిలు విషయమున మాత్రము “రెండువేలకు పోయించితిని, మూడు దినములకే అయిపోయెను” అని లెక్క చెప్పుట వింతగా నున్నది. బంకునందు టాంకి నింపించి, గొట్టము తనంతట తాను ఆగిన తోడనే చాలించి, మీటరు అంకెను వ్రాసికొనవలెను. కొన్ని వందల కిలోమీటర్లు ఎప్పటివలెనే నడపి, అదే బంకున అదే తీరున మరల నింపవలెను. 450 కిలోమీటర్లకు 37.5 లీటర్లు పట్టినచో లీటరుకు 12 కిలోమీటర్లు. ఇట్లు మూడు పర్యాయములు చేసినగాని ఆ యంకెను నమ్మరాదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. అందముకొరకు పెద్ద టైర్లు వేయించినవారి బండిలో మీటరు తక్కువ చూపును. టైరు చుట్టుకొలత నూటికి ఐదు వంతులు హెచ్చినచో, 105 కిలోమీటర్లు పోయిన బండికి మీటరుపై 100 మాత్రమే పడును. మిగిలిన ఐదింటి డీజిలు ఎవరు దొంగిలించినట్లు? కంపెనీవారు ప్రకటించు మైలేజి సైతము ప్రయోగశాలలో రోలర్లపై నడపి తేల్చినదే గాని, మన కాలువగట్లపై తేల్చినది కాదు.

కొలతలో నిజముగా తగ్గుదల కనబడినయెడల, ఖర్చులేని పరీక్షలు మొదట చేయవలెను. బండి కదలకముందు, ఉదయమున, టైర్లలో గాలి చూడవలెను. ఎంత యుండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు ప్రక్కనున్న పట్టీపై వ్రాసియుండును. కొంతదూరము బ్రేకు ఎక్కువగా వేయక నడపి ఆపి, చక్రములకడకు చేయి చేర్చి చూడుడు, తాకవలదు. ఒక చక్రము తక్కినవానికంటె మిక్కిలి వేడిగా నున్నచో అచ్చట బ్రేకు పట్టియున్నదని ఊహింపవచ్చును. బురదలో వేసిన నాలుగు చక్రముల గేరు తారురోడ్డుపై గూడ నట్లే యుండిపోయినదేమో చూచుకొనవలెను.

మన ప్రాంతమున పాతుకొనిన దురాచార మొకటి కలదు. ఇంజను వేడెక్కినదని పోయినవారికి కొందరు మెకానిక్కులు థర్మోస్టాటు అను చిన్న కవాటమును పెరికి పారవేయుదురు. ఎండదేశమున దీనితో పనిలేదని వారి వాదము. వినుటకు బాగుగనే యున్నది గాని సత్యము కాదు. ఇంజను తగిన వేడికి వచ్చువరకు నీరు రేడియేటరులోనికి పోకుండ ఆపుటయే దాని పని. అది లేనియెడల ఇంజను చల్లగానే తిరుగును. ఆయిలు చిక్కగా నుండి రాపిడి హెచ్చును. డీజిలు చక్కగా మండదు. పది పదునైదు కిలోమీటర్లు నడచిన తరువాతను వేడిముల్లు అడుగుననే యున్నచో ముందీ కవాటము సంగతి అడుగుడు. ఇది ఇంజెక్టర్లతో పోల్చినచో అతిస్వల్పమైన ఖర్చు.

నల్లని పొగ వచ్చుచున్నచో గాలి ఫిల్టరు చూడవలెను. నూర్పిళ్ల కాలమున అది త్వరగా పూడుకొనును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన బీఎస్-6 నియమముల ప్రకారము తయారైన అనేక డీజిలు బండ్లలో మసిని పట్టి యుంచు ఫిల్టరు కూడ కలదు. ఆ మసిని కాల్చుటకు బండి అదనముగా డీజిలు వాడుకొనును. ఊరినుండి పొలమునకు రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో ఆ కాల్పు పూర్తిగాక మాటిమాటికి మొదలగును. అట్టి పనికి మోటారుసైకిలు చాలునని మేము మొగమాటము లేక చెప్పుదుము.

వేగము సంగతి అందరెరిగినదే, పాటించువారే తక్కువ. గాలి యొత్తిడి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్లకు బదులు 80 పోయినచో అది ఇంచుమించు ఒకటిముప్పాతిక రెట్లగును. ఎత్తైన బండికి ఈ బాధ మరియు నెక్కువ.

డీజిలులో కలుపుమని అమ్ము సీసాల మందులను మేము సిఫారసు చేయము. ఇంజెక్టర్లు మార్చవలెనని చెప్పినప్పుడు, వానిని ముందు పరీక్షాయంత్రముపై పెట్టి చూపుమని అడుగుడు. మార్చిన పాతవానిని ఇంటికి తెచ్చుకొనుడు.

బండిలో నొక పుస్తక ముంచి, డీజిలు పోయించిన ప్రతి పర్యాయమును యజమాని, డ్రైవరు ఇరువురును చేవ్రాలు చేయుట మంచిది. టైర్ల గాలి కొలుచు సాధనము నొకదానిని కొని, సభ్యుల యుపయోగమునకై సంఘ కార్యాలయమున నుంచవలెనని రాబోవు సమావేశమున ప్రతిపాదింప నున్నాము.