హైదరాబాద్: ఓడిన పిల్లలు ఎవరితో చెప్పుకోవాలి? ఐటీ కారిడార్ స్పోర్ట్స్ క్లబ్బుల ముందున్న అసలు ప్రశ్న

ఐటీ ఉద్యోగుల క్యాబ్‌లు రోడ్డెక్కకముందే గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలో బ్యాడ్మింటన్ కోర్టుల లైట్లు వెలుగుతాయి. స్కూలుకు ముందు ఒక సెషన్, స్కూలయ్యాక ఇంకో సెషన్. ఆట నేర్పేవాళ్లకు ఇక్కడ కొరత లేదు. మరి ఓడిన రోజు పిల్లల మాట వినేదెవరు?

2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ పెట్టారు. ఆయన శిక్షణలోనే సైనాకు లండన్‌లో కాంస్యం, సింధుకు రియోలో రజతం వచ్చాయి. దీంతో తల్లిదండ్రుల ఆశలు పెరిగాయి. ఆ బరువు మోయాల్సింది మాత్రం పిల్లలే.

ఓటమి సింధునూ వదల్లేదు. 2018లో కామన్వెల్త్ గేమ్స్, వరల్డ్ ఛాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్.. మూడు ఫైనల్స్‌లోనూ ఓడారు. ఫైనల్ అంటే భయమా అన్న ప్రశ్నలు వెంటాడాయి. 2019లో బాసెల్‌లో ఒకుహరాపై 21-7, 21-7తో గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, పదే పదే ప్రశ్నించినవారికి ఇదే జవాబు అన్నారు.

అప్పటికి సింధు ఒలింపిక్ పతక విజేత. చుట్టూ కోచ్, ట్రైనర్, కుటుంబం ఉన్నారు. లోకల్ టోర్నీలో తొలి రౌండ్‌లోనే ఓడిన పదమూడేళ్ల పాపకు ఇంటికెళ్లే దారిలో కారులో వినిపించే మాటలే దిక్కు.

అలాంటప్పుడు కోచ్‌తో చెప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. టీమ్‌ను ఎంపిక చేసేది ఆయనే. నిద్ర పట్టట్లేదు, మ్యాచ్ అంటే కడుపులో తిప్పుతోంది అని చెబితే తన ప్లేస్ పోతుందేమోనని పిల్లలు భయపడతారు. అందుకే నోరు విప్పరు. చివరికి ఒకరోజు ఆటే మానేస్తారు.

2021 టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ తన మానసిక ఆరోగ్యమే ముఖ్యమంటూ టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నారు. 2024 పారిస్‌లో తిరిగొచ్చి మూడు స్వర్ణాలు గెలిచారు. అంటే ఆగడం ఆటకు ముగింపేమీ కాదు.

ప్రతి క్లబ్బూ సైకాలజిస్టును పెట్టుకోలేకపోవచ్చు. కానీ సెలక్షన్‌తో సంబంధం లేని ఒక పెద్దమనిషిని పిల్లల మాట వినడానికి కేటాయించొచ్చు. సమస్య పెద్దదనిపిస్తే పేరెంట్స్‌తో మాట్లాడి డాక్టర్ దగ్గరికి పంపొచ్చు. కేంద్రం 2022లో తెచ్చిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ నంబర్‌ను స్కోర్‌బోర్డు పక్కన రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు.