నాయకుడూ ప్రతినాయకుడూ ఒకే ఊరివారు

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మాడ్వి హిడ్మా, ఆయన భార్య, మరికొందరు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆ సాయంత్రానికే రెండు కథలు సిద్ధమయ్యాయి. ఒక కథలో పదుల సంఖ్యలో జవాన్లను పొట్టనబెట్టుకున్న కిరాతకుడు అంతమయ్యాడు. రెండో కథలో జల్, జంగల్, జమీన్ కోసం నిలిచిన వీరుడు నేలకొరిగాడు. కొద్ది రోజులకే ఢిల్లీ ఇండియా గేటు వద్ద కాలుష్యంపై జరిగిన నిరసనలో ఆయన పేరిట నినాదాలు వినిపించాయి, యువకులు అరెస్టయ్యారు. సుక్మా జిల్లా పువర్తిలో, 2024లోనే భద్రతాదళాల శిబిరం వెలసిన ఆయన స్వగ్రామంలో, జనం గుమిగూడి అంత్యక్రియలు జరిపారు.

హిడ్మా మరణించిన జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు జిల్లా. పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన ఆ మనిషి నాటి ప్రభుత్వ దస్త్రాలలో పితూరీదారు. 1924లో ఆయనను కాల్చి చంపారు. 2022లో ఆయన పేరిట జిల్లా ఏర్పడింది. బస్తర్‌లోనూ ఇదే జరిగింది. అడవుల రిజర్వేషనుకూ వెట్టికీ వ్యతిరేకంగా 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు నడిపిన గుండాధుర్ తెల్లదొరలకు చిక్కని నేరస్థుడు. నేడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆయన పేరిట క్రీడాపురస్కారం ఇస్తోంది. వీరందరినీ ఒకే గాటన కట్టడం తగదు. పరాయి పాలనపై తిరుగుబాటు వేరు, ఓటుహక్కు ఉన్న దేశంలో తుపాకీ పట్టడం వేరు. కానీ బిరుదులు ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే వీరులు వారివైపే పుడతారన్న సంగతి బస్తర్‌కు నూరేళ్లుగా తెలుసు.

తెర మీద ఈ సంగతి కనిపించదు. సుదీప్తో సేన్ దర్శకత్వంలో 2024 మార్చిలో వచ్చిన 'బస్తర్: ది నక్సల్ స్టోరీ'లో పోలీసు అధికారిణి నాయిక, అడవిలోని మావోయిస్టులూ ఢిల్లీలోని మేధావులూ ప్రతినాయకులు. ఎన్నికల ముంగిట విడుదలైన ఆ చిత్రానికి సందేహాలతో పనిలేదు. తెలుగు తెర దీనికి అద్దంలో ప్రతిబింబం. 'ఎర్రసైన్యం' నాటి నుంచి అన్న దేవుడు, పోలీసు రాక్షసుడు. 2022లో 'ఆచార్య' వచ్చేసరికి నక్సలైటు వేషం తారలకు మాస్ అలంకారంగా మిగిలింది. అదే ఏడాది వచ్చిన 'విరాటపర్వం' కొంత నయం. ఆరాధించి దళంలో చేరిన యువతి ఆ దళం అనుమానానికే బలైన కథ అది. 1992లో నిజంగా జరిగిన ఘటన దాని మూలం. 2017 నాటి 'న్యూటన్' మరికాస్త ముందుకు వెళ్లింది. దండకారణ్యంలో 76 మంది ఓటర్ల కోసం పెట్టిన పోలింగు కేంద్రం కథ అది. నిజాయితీ గల ఎన్నికల అధికారి, విసిగిపోయిన భద్రతాధికారి: ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా ద్వేషించలేం. ఓటర్ల భాష మాత్రం ఆ బృందంలో స్థానిక ఉపాధ్యాయినికే తెలుసు.

నాయకుడికీ ప్రతినాయకుడికీ మధ్య గీత చెరిగిపోవడం ఇటీవల కథకులకు ఫ్యాషనైంది. ఎర్రచందనం స్మగ్లరుకు ఈలలు వేసే ప్రేక్షకుడికి అది కొత్త కాదు కూడా. బస్తర్‌లో ఆ గీత ఒకే కుటుంబం మధ్య నుంచి పోతుంది. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రూ సమీపంలో మందుపాతర పేలి ఎనిమిది మంది డీఆర్‌జీ, బస్తర్ ఫైటర్స్ జవాన్లు, వారి వాహన డ్రైవరు మరణించారు. ఆ జవాన్లలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టులేనని పోలీసు అధికారులే చెప్పారు. వారు ఏ కథలో నాయకులు? దళంలో ఉండగా ప్రభుత్వానికి శత్రువులు, లొంగిపోయాక దళానికి ద్రోహులు, మరణించాక అమరజవాన్లు. అదే ఏడాది అక్టోబరులో జగదల్‌పూర్‌లో 210 మంది ఆయుధాలు వదిలినప్పుడు వారికి రాజ్యాంగ ప్రతులూ గులాబీలూ అందాయి. నిన్నటిదాకా వారిలో కొందరి తలలకు వెల కట్టిన ప్రభుత్వమే వాటిని అందించింది. నిన్నటిదాకా వారిని కామ్రేడ్లన్న పార్టీ ద్రోహులంది.

ఈ గీతను చట్టం ముందు నిలబెట్టిన వ్యక్తి ఒక తెలుగువాడు. 2005లో కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ ముందుండి నడిపిన సల్వాజుడుం, ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి వారిని ప్రత్యేక పోలీసు అధికారులుగా మార్చింది. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ధర్మాసనం దాన్ని రాజ్యాంగవిరుద్ధమన్నది. కాంగో అడవుల దోపిడిపై జోసెఫ్ కాన్రాడ్ రాసిన నవలను ఆ తీర్పు ఆరంభంలోనే స్మరించింది. పద్నాలుగేళ్ల తర్వాత ఆ న్యాయమూర్తి ఉపరాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి కాగానే, ఆ తీర్పే లేకుంటే నక్సలిజం 2020 నాటికే ముగిసేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నారు. రాజ్యాంగపు అధికరణలను చదివి ఇచ్చిన తీర్పు ఒక్క ప్రసంగంతో విలన్ చేసిన పనిగా మారింది. తీర్పును విమర్శించవచ్చు. ప్రమాదమేమంటే, సినిమా తర్కం రాజకీయ ప్రసంగంలోకి దిగినప్పుడు న్యాయమూర్తి కూడా రెండు శిబిరాలలో ఏదో ఒకదానికి చెందాల్సి వస్తుంది. మహేంద్ర కర్మను 2013 మే 25న ఝీరం ఘాటీలో మావోయిస్టులు చంపారు. ఆయన అనుచరులకు ఆయన ఇప్పటికీ 'బస్తర్ పులి'. సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలు ఈనాటికీ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో ఉన్నారు. తెలంగాణలో వారికి ఎస్టీ గుర్తింపు కూడా లేదు.

ఈ కథలన్నిటినీ చెప్పేవారు బయటివారే. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉంటూ 2025 మే 21న నారాయణ్‌పూర్ అడవిలో మరణించిన నంబాళ్ల కేశవరావుది శ్రీకాకుళం జిల్లా. ఆ పార్టీ అగ్రనాయకత్వం దశాబ్దాలుగా ఎక్కువగా తెలుగువారిదే. తెర మీద కథ ముంబయిదీ హైదరాబాదుదీ. గోండీలో మాట్లాడే మనిషికి ఇరువైపులా దక్కేది చచ్చేవాడి పాత్రో, చంపేవాడి పాత్రో. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో 76 మంది జవాన్లు మరణించారు. దేశానికి ఆ సంఖ్య గుర్తుంది, గుర్తుండాలి కూడా. సుదీప్తో సేన్ చిత్రం టీజరులోనూ ఆ సంఖ్య ఉంది.

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో భద్రతాదళాల కాల్పుల్లో 17 మంది మరణించినప్పుడు వారంతా మావోయిస్టులన్నది అధికారిక కథ. మృతులలో మైనర్లూ ఉన్నారు. ఏడేళ్లకు జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక వెలుగుచూసింది: వారు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవు, గ్రామస్థుల వైపు నుంచి కాల్పులు జరగలేదు. ఆ ఊరి మీద ఇంతవరకు ఏ పెద్ద హీరో సినిమా తీయలేదు.