మంగపతికి అబద్ధంతో పనేముంది?

‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’ చూసినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘పోక్సోను ఎంత దుర్వినియోగం చేస్తున్నారో చూశారా!’ 2025 మార్చిలో సినిమా థియేటర్లకు వచ్చినప్పుడూ అదే, ఓటీటీలో ఇంటిల్లిపాదీ చూశాకా అదే. ఇంకో వర్గం దీనికి ఎదురు నిలబడింది. ఇంటర్ పిల్లల ప్రేమకు సినిమా గొడుగు పట్టిందని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు తెచ్చిన చట్టాన్ని అనుమానపు చూపుకు అప్పగించిందని వాళ్ల కోపం. ప్రియదర్శి వాదన బాగుందా, శివాజీ విలనిజం బాగుందా అన్న చర్చ సరేసరి.

రెండు వర్గాలూ గట్టిగానే వాదించాయి. రెండూ ఒక అంకెను చూడకుండా దాటేశాయి. ఆ అంకె 29.3.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో నూటికి 29.3 మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. తెలంగాణలో 23.5. దేశ సగటు 23.3. సినిమా కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. అప్పటికి కథలోని అమ్మాయి జాబిలికి పదిహేడేళ్లు. సర్వే వాళ్లు తలుపు తట్టేనాటికి ఆమెకు ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉండాలి. అంటే ఈ 29.3 సరిగ్గా జాబిలి ఈడు ఆడపిల్లల లెక్క. ఆమెతో పాటు బడికెళ్లిన తరం అది.

ఇప్పుడు సినిమా కథను ఈ అంకె పక్కన పెట్టి చూడండి. పందొమ్మిదేళ్ల చందును పదిహేడేళ్ల జాబిలి ఇష్టపడింది. ఇంటి పరువు పోతోందని ఆమె బంధువు మంగపతి పోక్సో కేసు పెట్టించాడు. సాక్షులను కొన్నాడు, కథ అల్లించాడు. ఆ అల్లిక విడిపోవడమే క్లైమాక్స్, అందుకే అన్ని చప్పట్లు. సినిమాగా ఆ అల్లికా విడిపోవడమూ బిగువుగానే ఉన్నాయి, కాదనను. నా పేచీ ఆ చప్పట్లతో. కుర్రాడు నిర్దోషి అని మనం పొంగిపోయింది సాక్ష్యాలు తప్పుడివి కాబట్టి. మరి తప్పుడివి కాకపోతే? ఇద్దరూ ఇష్టపడే దగ్గరై, ఆ సంగతి కోర్టులో ఒప్పుకుని ఉంటే?

అప్పుడు సినిమాలో చందు లాయరు సూర్యతేజ కాదు, దేశంలోకెల్లా పెద్ద క్రిమినల్ లాయర్ వచ్చినా ఆ కుర్రాడిని బయటికి తేవడం కష్టం. పదిహేడేళ్ల అమ్మాయి ఒప్పుకున్నా చట్టం దృష్టిలో ఒప్పుకోనట్టే. పైగా పోక్సో 29వ సెక్షన్ కింద నేరం జరిగిందనే కోర్టు మొదలుపెట్టాలి, జరగలేదని నిరూపించుకోవాల్సింది నిందితుడు. శిక్ష 2013లో అయితే కనీసం ఏడేళ్లు, 2019 సవరణ తర్వాత కనీసం పదేళ్లు. జడ్జికి జాలి కలిగినా అంతకన్నా తగ్గించే వీల్లేదు. కాబట్టి మంగపతి అబద్ధాలు అల్లడం సినిమాకు అవసరం, నిజజీవితంలోని మంగపతికి కాదు. అతనికి అమ్మాయి పుట్టినతేదీ సర్టిఫికెట్ ఒక్కటి చాలు. దీన్ని దుర్వినియోగం అనడం చట్టానికి మనం చేస్తున్న ముఖస్తుతి. రాసింది రాసినట్టు వాడుకున్నా జరిగేది ఇదే.

అదే మంగపతి, అదే 2013లో, పదిహేడేళ్ల జాబిలిని తను చూసిన ముప్ఫై ఏళ్ల సంబంధానికి ఇచ్చి పెళ్లి చేశాడనుకుందాం. ఏమయ్యేది? బాల్యవివాహ నిషేధ చట్టం కింద పెద్దలకు గరిష్ఠంగా రెండేళ్లు. గరిష్ఠంగా, అదీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే. పెళ్లి దానంతటదే చెల్లకుండా పోదు, మైనర్‌గా పెళ్లయినవాళ్లు కోర్టుకెక్కి రద్దు చేయించుకోవాలి. ఇక కాపురం సంగతి. భార్యకు పదిహేనేళ్లు నిండితే చాలు, భర్త చేసేది అత్యాచారం కాదని నాటి ఐపీసీ 375లో మినహాయింపు ఉండేది. నిర్భయ తర్వాత అంత హడావుడిగా అత్యాచార చట్టాన్ని తిరగరాసిన పార్లమెంటు కూడా ఆ మినహాయింపును ముట్టుకోలేదు. 2017 అక్టోబరులో ‘ఇండిపెండెంట్ థాట్’ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది బతికే ఉంది.

అంటే ఒకే అమ్మాయి, ఒకే పదిహేడేళ్లు. ఆమె ఎంచుకుంటే కుర్రాడికి కనీసం ఏడేళ్ల జైలు. ఇంట్లోవాళ్లు ఎంచితే పప్పన్నం. ఈ రెండో రకం కథలే 29.3.

పోలీసు లెక్కలూ ఇదే చెబుతాయి. 2021లో దేశం మొత్తమ్మీద బాల్యవివాహ నిషేధ చట్టం కింద నమోదైన కేసులు వెయ్యి పైచిలుకు. అదే ఏడాది పోక్సో కేసులు యాభై వేలు దాటాయి. ఈ పోక్సో కేసుల్లో అత్యధికం నిజమైన ఘోరాలే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఒక్క ఆంధ్రలోనే పదిమంది యువతుల్లో ముగ్గురికి మైనారిటీలోనే తాళి పడితే, దేశమంతా కలిపి వెయ్యి కేసులేమిటి? పద్ధెనిమిది అన్న గీత అంత పవిత్రమైనదే అయితే, దాన్ని పందిళ్లు వేసి, శుభలేఖలు పంచి మరీ దాటుతున్న పెద్దల మీద ఆ పవిత్రత ఎందుకు పనిచేయడం లేదు?

ఎన్‌ఫోల్డ్ సంస్థ యునిసెఫ్‌తో కలిసి అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో 2016–20 మధ్య వచ్చిన 7,064 పోక్సో తీర్పులను చదివింది. అందులో 1,715 ప్రేమ వ్యవహారాలే. దాదాపు నాలుగింట ఒకటి. ఫిర్యాదుల్లో అత్యధికం అమ్మాయి ఇంటివాళ్లవి, తీర్పుల్లో నూటికి తొంభైమూడుకు పైగా నిర్దోషులని విడుదల. అమ్మాయి కోర్టుకొచ్చి ఎదురు చెప్పడం వల్లో, వయసు తేలకో, ఆపాటికే ఇద్దరికీ పెళ్లయి ఒడిలో బిడ్డ ఉండటం వల్లో కేసు వీగిపోతుంది. చట్టం ఒప్పుకోని ఆమె ఇష్టాన్ని కోర్టులు ఏదో ఒక సందు వెతికి ఒప్పుకుంటున్నాయన్నమాట. ఆలోగా కుర్రాడి చదువు, ఉద్యోగం, ఇంటి పుస్తెలతాడు అన్నీ లాయర్ల ఫీజుల్లోనూ రిమాండులోనూ కరిగిపోతాయి. ఈ కేసుల్లో శిక్ష తీర్పుతో రాదు, అరెస్టుతోనే మొదలవుతుంది.

సమ్మతి వయసు పద్ధెనిమిదని మన తాతల నాటి నుంచీ ఉన్నట్టు మాట్లాడేవాళ్లకు చిన్న గుర్తు. 2012 నవంబరు 14న పోక్సో అమల్లోకి వచ్చేదాకా ఈ దేశంలో అది పదహారు. అరవయ్యేళ్లకు పైగా పదహారే. అంతెందుకు, 2011లో ప్రభుత్వం రాజ్యసభలో పెట్టిన పోక్సో బిల్లులోనే 16–18 మధ్య వయసువాళ్ల సమ్మతిని లెక్కలోకి తీసుకునే నిబంధన ఉంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం వద్దంది, తీసేశారు. 2013 ఆరంభంలో జస్టిస్ వర్మ కమిటీ మళ్లీ పదహారంది. మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది కూడా. అఖిలపక్ష సమావేశం జరిగిన కాసేపట్లోనే వెనక్కి తగ్గి పద్ధెనిమిది దగ్గర ఆగింది. విశాఖ సినిమా కోర్టులో చందు బోనెక్కిన ఏడాదే ఢిల్లీలో ఈ బేరం నడిచింది. సినిమాలో దాని ఊసు లేకపోవడాన్ని తప్పు పట్టను, అది వినోదం. చూసి ‘విశ్లేషించిన’ వాళ్లలో ఎంతమంది ఈ మాట ఎత్తారని అడుగుతున్నాను.

వయసు తగ్గిస్తే మాయమాటలు చెప్పి ఆడపిల్లలను లోబరుచుకునే వాళ్లకు లైసెన్సు ఇచ్చినట్టే అంటారు. భయం వట్టిది కాదు. 2019లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిగుడ్డు మీద జరిగిన దారుణం మరిచిపోయేది కాదు, అలాంటివాటికి ఈ చట్టం కొరడాగా ఉండాల్సిందే. 2023లో లా కమిషన్ తన 283వ నివేదికలో వయసు తగ్గించవద్దంది. కానీ అదే నివేదిక 16–18 మధ్య కేసుల్లో జడ్జికి విచక్షణ ఇవ్వమని కూడా చెప్పింది. ఎవరి సమ్మతిని, ఎంత వయసు తేడా దాకా గుర్తించాలో రాసుకోవచ్చు. టీచరు, బంధువు, వార్డెను, యజమాని లాంటివాళ్లకు మినహాయింపు వర్తించదని రాసుకోవచ్చు. ఎన్నో దేశాలు రాసుకున్నాయి. సుప్రీంకోర్టులో సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ అడిగింది 16–18 వాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాలను నేరంగా చూడొద్దనే. 2025లో కేంద్రం దానికీ వద్దనే చెప్పింది.

అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు బెంగాల్ కేసు ఒకటి ముగించింది. అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు మొదలైన సంబంధం, అతనికి ఇరవై అయిదు. అందులో సమ్మతి గురించి వాదించడానికి నేనూ సిద్ధంగా లేను. అక్కడ కూడా చివరికి కోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం వాడి శిక్ష వేయకుండా ఆగింది. జరిగినదాని కన్నా ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, అతన్ని విడిపించుకోవడానికి పడ్డ పాట్లే ఆమెను ఎక్కువ కుంగదీశాయని కోర్టు వేసిన కమిటీ తేల్చింది. పద్నాలుగేళ్లమ్మాయి విషయంలోనే అది నిజమైతే పదిహేడేళ్ల జాబిలి మాటేమిటి?

జాబిలి గురించి మాట్లాడినవాళ్లు అసలు తక్కువ. చందు అమాయకత్వం, లాయరు తెగువ, మంగపతి కళ్లలో కర్కశం, వీటి మీద అభిప్రాయాలు కోకొల్లలు. కేసుకు కారణమైన అమ్మాయికి ఏం కావాలో ఎవరికీ పట్టలేదు. ఇందులో ప్రేక్షకులకూ చట్టానికీ తేడా లేదు. ఈ కేసుల్లో ఆమె పేరు ‘బాధితురాలు’. నేను బాధితురాలిని కానని చెబితే ‘నచ్చజెప్పి’ ఇంటికి పంపుతారు, ఇంటికి పోనంటే హోమ్‌కు పంపుతారు. కడుపుతో ఉండి ఆస్పత్రికెళ్తే పోలీసులకు చెప్పక తప్పదంటారు. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ పేరు డాక్టర్లు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ దారీ మూసుకునే ఉంది. పద్ధెనిమిదో పుట్టినరోజు దాకా ఆమె శరీరం మీద అందరికీ మాట ఉంది, ఆమెకు తప్ప.

సినిమా చూసి కదిలిన పెద్దలు పోక్సో గురించి బడుల్లో పాఠాలు చెప్పాలంటున్నారు. చెప్పండి. ఏం చెబుతారు? ‘నువ్వు ఇష్టపడితే అవతలివాడికి పదేళ్లు, మీ నాన్న ఇష్టపడితే ఆయనకు మహా అయితే రెండేళ్లు, అదీ ఎవరైనా కేసు పెడితే’ అని బోర్డు మీద రాస్తారా? రేపు ఆ 29.3 లాంటి లెక్కలో చేరబోయే పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుని వింటుంటారు. కొందరికి ఈపాటికే సంబంధాలు చూస్తుంటారు. పాఠం కావాల్సింది పిల్లలకు కాదు, పెళ్లిచూపులకు పళ్లు తెచ్చేవాళ్లకు. ఆ పాఠం బడిలో చెప్పేది కాదు, ఎస్‌ఐ వచ్చి కల్యాణమండపంలో చెప్పాల్సింది.

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. సినిమా ట్రైలర్లు పంచుకోవడానికి, హీరోలను అభినందించడానికి ఓపికున్న నాయకుల్లో ఒక్కరైనా 2011 బిల్లులోంచి తీసేసిన ఆ నిబంధనను తిరిగి పెట్టమని సభలో లేచి అడగొచ్చు. అడగరు. ఎందుకు అడుగుతారు? వాళ్ల ఓటర్లలో మంగపతులు ఎక్కువ, పదిహేడేళ్ల జాబిలికి ఓటు లేదు. ఇక మంగపతిని తిట్టిపోసిన ప్రేక్షక మహాశయులు ఒక్క పని చేయండి. కిందటి శ్రావణంలో మీరు అక్షింతలు వేసి వచ్చిన పెళ్లిలో పెళ్లికూతురు వయసెంతో కనుక్కోండి.