టీపాయికి ఎన్ని కాళ్ళు?

టీ పెట్టుకునే బల్ల గనుక టీపాయి అన్నారని మనలో చాలామంది అనుకుంటారు. ఆ మాటకూ తేనీటికీ చుట్టరికం లేదు. హిందుస్తానీలో తిపాయీ అంటే మూడు కాళ్ళది, మన ముక్కాలిపీట అన్నమాట. ఆంగ్లేయులు దానిని తమ భాషలోకి తీసుకుపోయి, టీ వాసన తగిలించి, మళ్ళీ మనకే అప్పగించారు.

ఇప్పుడు మాదాపూరు, గచ్చిబౌలి మేడల్లో యీ తిపాయికి కొత్త యోగం పట్టింది. సోఫా పక్కన నాలుగు యిత్తడి కాళ్ళు, పైన అద్దం పలక. "పాత ఫ్రెంచి సరుకండీ, రాజులకాలం నాటి ఫాషను!" అంటాడు అమ్మేవాడు. నా దగ్గర చదువుకుని, హైటెక్ సిటీలో కొలువు చేస్తున్న అమ్మాయి ఒకతె అటువంటి బల్ల చూసి, "నెల జీతం అడుగుతున్నాడు మాస్టారూ, కొనమంటారా?" అన్నది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

రాజులకాలం నాటి ఫాషను అన్నమాట నిజమే. ఫ్రాన్సులో 15వ లూయీ నాటి బల్లలకు కాళ్ళన్నీ వంపులు. 1748లో ఇటలీలో పాంపేయి తవ్వకాలు మొదలై, పాత రోమను యిళ్ళు బయటపడేసరికి అభిరుచి మారింది. 16వ లూయీ నాటికి కాళ్ళు చిన్న చిన్న స్తంభాల మాదిరిగా నిటారై, కిందికి సన్నబడ్డాయి. కాని ఆ బల్లలు ఎక్కువగా కొయ్యవి. యిత్తడి, అద్దం కలిపి ఆ పోలికలోనే చేసినవి చాలావరకు 20వ శతాబ్దానివి. పారిస్‌లో 1880లో వెలసిన మెజోఁ జాన్సెన్ వంటి అలంకారశాలలు వాటికి పేరు తెచ్చాయి. 1961లో కెనెడీ దంపతులు శ్వేతసౌధాన్ని తీర్చిదిద్దేటప్పుడు పిలిపించుకున్నది యీ జాన్సెన్ వారినే.

అంటే రూపం రెండువందల ఏభై యేళ్ళది, వస్తువు మాత్రం మన తాతగారి వయస్సుది. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం బల్లా కుర్చీల వంటివి పురావస్తువులు కావాలంటే నూరేళ్ళు నిండాలి. కనుక పురావస్తువు ధర యివ్వకండి. బేరానికి వెళ్ళేటప్పుడు చిన్న అయస్కాంతం వెంట తీసుకువెళ్ళండి. యిత్తడికి అది అంటుకోదు; పూత పూసిన యినుముకు అంటుకుంటుంది. యినుపబల్ల నకిలీదని కాదు, యిత్తడి వెల మాత్రం దానికి తగదు.

వెలకంటే పెద్ద సంగతి మరొకటున్నది. ఆ అమ్మాయి యింట్లో తప్పటడుగులు వేసే పిల్లవాడున్నాడు. పాత అద్దం పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. నేటి గట్టిపరచిన అద్దం పగిలితే చిన్న చిన్న పలుకులవుతుంది. కొంటే పలక మార్పించాలి. మూలలు గుండ్రంగా వుండాలి.

మన అమ్మమ్మల గంగాళాలూ, బిందెలూ తూకానికి వేసి స్టీలు సామాను తెచ్చుకున్న యిళ్ళు ఎన్నో! వారి మనుమలే ఇవాళ యిత్తడి కాళ్ళకోసం నెల జీతం తీస్తున్నారు. అటకమీద యింకా గంగాళం మిగిలివున్నవారు దానిని బోర్లించి, పైన గట్టి అద్దం వేయించి చూడండి. పనితనం కావాలంటే జనగామ దగ్గర పెంబర్తి వున్నది. అక్కడి యిత్తడి రేకు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఫ్రెంచి కాళ్ళే కావాలనేవారు ముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. శుక్రవారం సెలవు. అక్కడి ఫ్రెంచి సామాను కళ్ళారా చూసి, తరువాత సంచి విప్పండి.