తోక నంబర్ల సరదా

పక్షుల్ని చూసి పేర్లు చెప్పేవాళ్లున్నట్టే, విమానాల నంబర్లు రాసుకుని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో ఈ సరదా ఎక్కువ. లండన్ హీత్రూ విమానాశ్రయం దగ్గరి మర్టిల్ అవెన్యూ ఇందుకు పేరుపడ్డ చోటు.

కొత్తవాళ్లకు బైనాక్యులర్స్, నోటుపుస్తకం చాలు. విమానం వెనకభాగంలో ఉండే అక్షరాలు 'జి'తో మొదలైతే అది బ్రిటన్‌ది, 'వీటీ'తో అయితే మనది. స్కానర్‌ రేడియోలో 118-137 మెగాహెర్ట్జ్ మధ్య వెతికితే పైలట్ల మాటలూ వినిపిస్తాయి. కానీ, అనుమతి లేకుండా వినడం అక్కడ చట్టవిరుద్ధం.

నోటుపుస్తకంతోనూ చిక్కే. 2001లో గ్రీస్‌లోని కలమాటా వైమానిక స్థావరంలో విమానాలు చూడబోయిన 12 మంది బ్రిటన్‌వాసుల్నీ ఇద్దరు డచ్చివారినీ గూఢచారులంటూ అరెస్టు చేశారు. శిక్షా పడింది. 2002 నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేశాకే ఊపిరి పీల్చుకున్నారు. అందుకే... ఆకాశంకేసి చూసేముందు, నిలబడ్డ చోటు చూసుకోవాలి!