ఎడారిలో ఒక బంగారు గని

కిందటి చలికాలం మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళాను. మాది కోలారు గనుల ఊరు కదా అని, నన్నొక పాత బంగారు గని చూడడానికి తీసుకువెళ్ళారు. జాషువా ట్రీ జాతీయ ఉద్యానవనంలో ఉందది. పేరు ‘లాస్ట్ హార్స్’, అంటే తప్పిపోయిన గుర్రం.

పోనూ రానూ 4 మైళ్ళ నడక. అంతా ఎడారి. దారిలో నీడ లేదు, నీళ్ళు దొరకవు. ఎవరి నీళ్ళు వాళ్ళం మోసుకుని పొద్దున్నే బయల్దేరాం. చేతులు పైకెత్తి నిలుచున్న మనుషుల్లా దారి పొడుగునా జాషువా చెట్లు.

ఆయాసపడుతూ పైకి చేరేసరికి, రాయి దంచే మిల్లు ఇంకా నిలబడే ఉంది. దానికి 10 ఇనుప రోకళ్ళు. దంచిన పొడిలోని బంగారాన్ని పాదరసంతో పట్టేవారు. 1894 నుంచి 1931 లోపల 300 కిలోలకు పైగా బంగారం తీశారట. ఆవిరి యంత్రానికి నీళ్ళు దూరపు బావుల నుంచి గొట్టాల్లో వచ్చేవి. కట్టెల కోసం చుట్టుపక్కల కొండల మీది చెట్లు కొట్టేశారు. నూరేళ్ళు దాటినా ఆ చెట్లు మళ్ళీ మునుపటిలా పెరగలేదు.

గని భాగస్వాముల్లో ఒకడు రాత్రి షిఫ్టులో బంగారం దాచుకుంటూ పట్టుబడ్డాడని అక్కడ కథ చెబుతారు. అది విని మా మనవరాలు అడిగింది:

“అమ్మమ్మా, ముత్తాత కూడా దాచుకున్నారా?”

మా నాన్నగారు చిత్తూరు జిల్లా నుంచి కోలారు వచ్చి ముప్పై ఏళ్ళు గనిలో దిగారు. ఆ గనులు 3 కిలోమీటర్ల లోతు దాకా వెళ్ళాయి. పని ముగిసి పైకి వస్తే గేటు దగ్గర సోదా. ఇంట్లో మా అమ్మ మెడలో మాత్రం పసుపుతాడే.

నా చేతి గాజులు చూపించాను. “దాచుకోలేదమ్మా. నా పెళ్ళికి ఇవి అప్పు చేసి కొన్నారు. ఆ అప్పు నాలుగేళ్ళు తీర్చారు.”

పిల్ల మాట్లాడలేదు. దిగేటప్పుడు దారి పొడుగునా నా గాజుల చెయ్యే పట్టుకుంది.

కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి మట్టిదిబ్బలు మా ఇంటికి కూతవేటు దూరం. వాటిని దానికి ఒక్కసారైనా చూపించలేదు. ఈ వేసవికి వస్తానంది. తీసుకువెళ్ళి, వాళ్ళ ముత్తాత నడిచిన దారిలో నడిపిస్తాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి గాజులుంటే, వాటి కథ పిల్లలకు చెప్పండి.