మన చల్లదనం, పక్కింటి నిద్ర

పిల్లలూ! నంద్యాల ఎండల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్యన కుందూ నది పారే నల్లరేగడి నేల. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. పగలంతా కాగిన నాపరాళ్లూ, సిమెంటు మిద్దెలూ అర్ధరాత్రి దాకా వేడిని కక్కుతూనే ఉంటాయి. అందుకే ఒకప్పుడు కలవారి ఇళ్లలోనే కనిపించిన ఏసీలు ఇప్పుడు మామూలు వీధుల్లోనూ గోడలకు వేలాడుతున్నాయి. ఇది తప్పని నేననను. ముసలివారికీ, పసిబిడ్డలకూ ఆ రోజుల్లో చల్లని గది ప్రాణరక్షణే. నేననేది వేరే మాట. మన గదిలోని వేడిని బయటికి తోసేటప్పుడు, దానితోపాటు మోతను పక్కింట్లోకి తోసే హక్కు మనకు లేదు.

ఈ మాట ఇతరులను వేలెత్తి చూపడానికి అనడం లేదు. మొదటి తప్పు నాదే. రెండు వేసవుల కిందట నంద్యాలలో మా ఇంటికి ఏసీ పెట్టించాను. మాకూ పక్కింటివారికీ ఉమ్మడిగా ఉన్న గోడకు ఇనుప స్టాండు కొట్టి, దానిమీద బయటి పెట్టెను బిగించారు. గట్టిగా ఉంది కదా అని సంతోషించాను. నాలుగు రోజుల తరువాత పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయి వచ్చింది.

"ఏమనుకోవద్దు సార్. మీ ఏసీ ఆడుతాంటే రాత్రంతా మా గూట్లో గిన్నెలు అదురుతాండాయి. మా అవ్వకు నిద్ర పట్టడంల్యా" అంది.

వెళ్లి చూశాను. నిజమే! ఒకదానిమీద ఒకటి పెట్టిన స్టీలు గిన్నెలు సన్నగా జుమ్మంటున్నాయి. గోడకు చెవి ఆనిస్తే ఆ మోత ఇంకా బాగా వినిపించింది. చిత్రమేమిటంటే, బయట ఆ పెట్టె పక్కనే నిలబడితే అది అంత పెద్ద మోతగా తోచలేదు. మరి గోడ అవతల ఎలా పెరిగింది?

మీ బడి ప్రయోగశాలలో దీనికి జవాబుంది. శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మెకు తట్టి చేత్తో పట్టుకుంటే ధ్వని మెల్లగా వినిపిస్తుంది. దాని కాడను బల్లకు ఆనిస్తే గది అంతా వినిపిస్తుంది. శ్రుతిదండం మారలేదు. బల్ల వెడల్పయిన పలక కాబట్టి ఎక్కువ గాలిని కదిలిస్తుంది, అంతే. మా ఏసీ శ్రుతిదండమైంది, ఉమ్మడి గోడ బల్ల అయింది.

ఇంతకీ ఆ పెట్టెలో అదిరేదేమిటి? ఏసీ అంటే నిజానికి ఒక హీట్ పంపు. బావిలోని నీటిని మోటారు పైకి తోడినట్లు, అది గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. చలి దేశాల్లో ఇదే యంత్రాన్ని తిప్పి వాడి, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. తోడే పని చేసేది కంప్రెసర్. మామూలు ఏసీలో దాని మోటారు నిమిషానికి సుమారు 2,900 చుట్లు, అంటే సెకనుకు దాదాపు 48 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ స్టాండును ఒక చిన్న తోపు తోస్తుంది. ఆ తోపులకు గోడగానీ, రేకుగానీ, గిన్నెగానీ తన సహజ పౌనఃపున్యంతో జత కలిస్తే అనునాదం పుడుతుంది. అప్పుడు చిన్న తోపే పెద్ద మోత అవుతుంది. ఇన్వర్టరు ఏసీల్లో వేగం మారుతూ ఉంటుంది గనుక, ఏదో ఒక వేగం దగ్గర ఉన్నట్టుండి మోత లేవడం మీరు వినే ఉంటారు.

ఆ వారమే పనిమీద ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు మన రాష్ట్రంలోనే కాదు, విదేశాల్లోనూ గుళ్లకు చేరాయి. ఒక శిల్పి చిన్న విగ్రహం కింద ఇసుక మూట పెట్టుకొని చెక్కుతున్నాడు. ఎందుకని అడిగాను.

"ఉత్త బండమీద పెట్టి కొడితే రాయి ఎగురుతాది సార్. ఇసుకైతే దెబ్బను మింగుతాది" అన్నాడు.

ఇంట్లో అమ్మ మిక్సీ కింద గుడ్డ మడిచి పెడుతుంది చూశారా? అదీ ఈ సూత్రమే. యంత్రానికీ గోడకూ మధ్య మెత్తని అడ్డు ఉండాలి. అయితే ఎంత మెత్తన? లెక్క వేద్దాం. యంత్రం బరువుకు రబ్బరు దిమ్మె ఒక మిల్లీమీటరు అణిగితే, ఆ యంత్రం దిమ్మెమీద ఊగే సహజ పౌనఃపున్యం సెకనుకు సుమారు 16. కంప్రెసరు తోపులు 48. అంటే మూడు రెట్లు. అప్పుడు తోపులో దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే కిందికి దిగుతుంది. దిమ్మె అసలు అణగనంత గట్టిదైతే, అది ఉన్నా లేనట్టే. ఎండకు ఎండి రాయిలా బిగుసుకున్న రబ్బరూ అంతే. దాన్ని మార్చవలసిందే.

గోడగుండా వచ్చే మోతను ఇలా ఆపవచ్చు. గాలిలో వచ్చే మోతకు మందు దూరం. ఒక పెట్టె మోత మీటరు దూరంలో 55 డెసిబెళ్లు అనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర 49, నాలుగు మీటర్ల దగ్గర 43. కానీ మన సందుల్లో నాలుగు మీటర్ల చోటు ఏదీ? పైగా ఎదురు గోడలు మోతను వెనక్కి కొడతాయి. అలాంటి పెట్టెలు రెండైతే ఇంకో 3 డెసిబెళ్లు కలుస్తాయి. కొందరు మోత వినపడకుండా పెట్టె చుట్టూ రేకులు మూస్తారు. అది పొరపాటు. వదిలిన వేడిగాలినే యంత్రం మళ్లీ పీలుస్తుంది, మరింత కష్టపడుతుంది, మరింత మోగుతుంది.

"ఇంత ఎండలో మోత గురించి మాట్లాడతారేమిటి? హైవే మీద లారీల మోతకన్నా ఇదెక్కువా?" అని కొందరంటారు. లారీ వస్తుంది, పోతుంది. ఏసీ మోత రాత్రంతా ఉంటుంది. రెండు గంటల వేళ ఊరు సద్దుమణిగినప్పుడు అదొక్కటే వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఏసీ ఉన్నవారు కిటికీలు మూసుకొని పడుకుంటారు. ఏసీ కొనలేనివారు కిటికీ తెరుచుకునో, మిద్దెమీద పక్క వేసుకునో పడుకుంటారు. చల్లదనం ఒకరికి, వేడిగాలీ మోతా మరొకరికి. ఇది న్యాయమా?

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు హద్దు. దానికి 10 డెసిబెళ్లు మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఫిర్యాదు దాకా పోయేసరికి ఇరుగుపొరుగుల స్నేహం ముగిసిపోతుంది. ఇంగ్లండులో ప్రత్యేక అనుమతి లేకుండా ఇంటికి హీట్ పంపు పెట్టుకోవాలంటే, పక్కింటి కిటికీ దగ్గర ఎంత మోత చేరుతుందో ముందే లెక్క కట్టి చూపాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఇంటి ప్లానులో మరుగుదొడ్డికీ, మెట్లకూ చోటు చూపిస్తాం కదా! ఏసీ బయటి పెట్టెకు కూడా చోటు చూపించాలి. గోడకు రంధ్రం వేయకముందే బిగించేవారు ఒక్క ప్రశ్న అడగాలి: "పక్కింటివారు పడుకునే గది ఎటువైపు?"

నేను ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగాను. పెట్టెను గోడమీదినుంచి దింపించి, ఇంటి వెనక ఖాళీ చోట మందపాటి నాపబండ వేయించి, రబ్బరు దిమ్మెలమీద నిలబెట్టించాను. గాలి ఎవరి కిటికీవైపూ కొట్టకుండా తిప్పించాను. గోడ గుండా పోయే రాగి గొట్టాలకు కూడా మెత్తని తొడుగు వేయించాను. మొదటే ఇలా చేసి ఉంటే అదనపు ఖర్చు ఆ దిమ్మెలూ, ఆ బండే. రెండోసారి మనుషుల్ని పిలిపించినందుకు కూలి దండుగైంది. ఆ రాత్రి నేనూ, ఆ అమ్మాయీ గూటి ముందు నిలబడి విన్నాం. గిన్నెలు పలకలేదు.

మీరు కూడా ఈ వేసవిలో ఒక పని చేయండి. మీ ఇంటి ఏసీ నడుస్తున్నప్పుడు లోపలి గోడ పక్కనున్న అరలో నీళ్ల గ్లాసు పెట్టి, నీటిమీద అలలు లేస్తున్నాయేమో చూడండి. కూలరు రేకును చేత్తో అదిమితే మోత తగ్గుతుందేమో గమనించండి. తగ్గితే ఆ మర సడలిందన్నమాట. బిగించే పని మాత్రం స్విచ్చి ఆపించి, పెద్దలచేత చేయించండి. ఆ తరువాత పక్కింటికి వెళ్లి, "మా ఏసీ మోత మీకు వినబడుతోందా?" అని అడగండి. జవాబు అవునైతే ఏం చేయాలో మీకిప్పుడు తెలుసు.